మా బావగారి ‘ఊఁ’

మా బావగారు, అంటే మా అక్క భర్త, ఇరవై ఆరేళ్ళు ఒక బట్టలుతికే కార్ఖానాలో బాయిలర్ దగ్గర పనిచేశారు. అదే కార్ఖానాలో, గోడకి ఇవతల ఇస్త్రీ హాల్లో, నేను పద్దెనిమిదేళ్ళు దుప్పట్లు మడతపెట్టాను. మా ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది. చలిరోజుల్లో మేమందరం మధ్యాహ్నం ఆ గోడకి వీపు ఆనించి కూర్చుని తినేవాళ్ళం. ఆ వెచ్చదనం ఎక్కడినుంచి వస్తోందో, దాన్ని ఏది ఆపి ఉంచుతోందో మాలో ఎవరికీ పట్టలేదు. పట్టిన మనిషి అవతల ఒక్కరే ఉన్నారు. ఆయనేమో నోరు విప్పరు.

ఏది అడిగినా ఆయన జవాబు ‘ఊఁ’. ఆ ఊఁలో కనీసం నాలుగు రకాలుండేవి. విన్నానని ఒకటి, సరేనని ఒకటి, ఆలోచించి చెబుతానని ఒకటి, ఇక నన్ను వదిలెయ్యమని ఒకటి. మా అక్కకి తేడా తెలిసేది. తక్కిన ప్రపంచానికి అన్నీ ఒకటే, అన్నీ ‘సరే’లే.

“మీ బావకి కథ చెప్పాలే చెల్లీ, అంత సుఖం ఇంకోటి లేదు. తెల్లారేదాకా ఊఁ కొడతారు. కథ అయిపోయిందని చెప్పినా ఊఁ కొడతారు” అనేది అక్క, ఆయన ఎదుటే.

“ఊఁ” అనేవారు ఆయన.

గర్వమని కొందరు, బుర్ర తక్కువని కొందరు అనుకున్నారు. రెండూ కావని నాకు తెలుసు, ఎందుకంటే నాదీ కొంచెం అదే జబ్బు. మాట గొంతుదాకా వస్తుంది. ఎదుటివాళ్ళ మొహం చూస్తుంది. తను అంత ముఖ్యమైనది కాదని తేల్చుకుని వెనక్కి పోతుంది. నేను ఆ వెనక్కి పోయిన మాటలకి బదులు పుస్తకాలు చదువుకున్నాను. ఆయన బాయిలర్‌ని చూస్తూ కూర్చునేవారు. కార్ఖానాలో ఆయనకి ‘ఊఁకారం’ అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేవారు కూడా.

ఆ పేరు నవ్వులాటగా ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది.

ఒక సోమవారం మేనేజరు బాయిలర్ గది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి అడుగు పెట్టకుండానే, “ఇస్త్రీ హాల్లో పెద్ద టేబులు మీది ఆవిరి గొట్టం, అతుకు దగ్గర చెమరుస్తోందట. చూశావా?” అని అడిగాడు.

“ఊఁ” అన్నారు మా బావగారు.

అది ‘విన్నాను’ అనే ఊఁ. మధ్యాహ్నం గొట్టం చల్లబడ్డాక వెళ్ళి చూద్దామని ఆయన ఉద్దేశం. మేనేజరు మాత్రం పుస్తకంలో ‘బాయిలర్ మనిషి చూశాడు, ఇబ్బంది లేదు’ అని రాసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం హడావిడిలో గొట్టం చల్లబడనే లేదు. మర్నాడూ అంతే. మూడో రోజు పదకొండింటికి ఆ అతుకు విడిపోయింది.

నేను నాలుగు టేబుళ్ళ అవతల ఉన్నాను. ముందు ఈల లాంటి సన్నని శబ్దం వచ్చింది. తరువాత తెల్లగా ఏదో విచ్చుకుంది. ఆ తెలుపు లోపలినుంచి పెద్ద టేబులామె అరుపు. మోచేతినుంచి మణికట్టుదాకా చర్మం ఊడి వచ్చింది.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. పుస్తకం తెరిచి పెట్టారు. “నిన్ను అడిగాను, చూశానన్నావు. అవునా కాదా?” అని మేనేజరు గద్దించాడు.

మా బావగారు ఆ పుస్తకంకేసి చూశారు. చెప్పవలసింది చాలా ఉంది. 

“ఊఁ” అన్నారు.

అంతే. అనుకోని ప్రమాదమని కాగితం మీద రాసి విచారణ మూసేశారు. ఆయన్ని ఎవరూ ఏమీ చెయ్యలేదు. అదే ఆయన్ని తినేసింది.

ఆసుపత్రికి ఆయన్ని నేనే తీసుకెళ్ళాను. పెద్ద టేబులామె చేతికి కట్టుతో, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె నోటికి మా హాలంతా జడిసేది. ఈయన మంచం పక్కన కుర్చీలో కూర్చుని అరగంట నేల చూశారు.

“అయ్యా, చెప్పాల్సిందేదో చెప్పు. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకళ్ళకి ఇవ్వు” అంది చివరికి.

“నేను చూడలేదు” అన్నారు ఆయన.

“తెలుసు.”

“ఊఁ అన్నాను.”

“అదీ తెలుసు. నువ్వు ఊఁ అన్నావు, నా చెయ్యి కాలింది. మళ్ళీ అలాంటి ఊఁ వస్తే గొంతులోనే మింగెయ్. బయటికి మాత్రం రానీకు.”

తిరిగి వస్తూ ఆయన దారంతా ఒక్క ఊఁ కూడా అనలేదు. నేను ఏవో రెండు మాటలు అన్నాను. జవాబుగా తల తిప్పి నాకేసి చూశారు తప్ప ఆ చప్పుడు రాలేదు.

తరువాత నెల రోజులకి హాల్లో ఒక గుసగుస బయలుదేరింది. ఊఁకారం బాయిలర్‌తో మాట్లాడుతున్నాడట. మతి చలించిందట. అది మా అక్క చెవిన కూడా పడింది.

“నాతో మాట్లాడ్డానికి తీరిక లేదు గానీ దాంతో మాట్లాడతారా? అదేమన్నా నాకంటే అందంగా ఉందా?” అని నవ్వింది గానీ, నవ్వు కళ్ళదాకా పోలేదు. “నువ్వోసారి చూసి రావే. నాకు భయంగా ఉంది.”

టీ పట్టుకుని వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల బర్నరు హోరు. ఆ హోరు కింద, ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు ఆయన గొంతు.

“అద్దంలో నీళ్ళు సగానికి పైన ఉన్నాయి. చూశాను. పెద్ద కుళాయి బిగుతుగా ఉంది. చూశాను. వెనక తలుపు బోల్టులు…” కాసేపు ఆగారు. “చూడలేదు. ఇప్పుడు చూస్తాను.”

నన్ను గమనించి సిగ్గుపడ్డారు. తరువాత మెల్లిగా, “వాక్యం పూర్తిగా బయటికి రావాలమ్మాయ్. అలవాటు చేస్తున్నాను” అన్నారు. నాతో ఆయన అన్న వాక్యాల్లో అప్పటికి అదే పెద్దది.

ఆ రోజే నాకు అద్దం చూపించారు. బాయిలర్ ముందు నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతున్నాయో అందులో కనబడుతుంది. నీళ్ళు మరిగి ఆవిరైపోతూ ఉంటే మట్టం దిగుతుంది. దిగినప్పుడల్లా పంపు వేసి నింపాలి. పావుగంటకోసారైనా పంపు పని ఉంటుంది. “చూడు, ఆ నీళ్ళు వణుకుతున్నాయా? అలా వణకాలి. ఎప్పుడూ” అన్నారు.

“వణక్కపోతే?”

ఆయన మా హాలువైపు గోడకేసి చూశారు. 

ఆ అలవాటు మెల్లిగా గది దాటి బయటికి వచ్చింది. ముందు ఇంట్లో. “ఉప్పు సరిపోయిందా అండీ?” అని అక్క అడిగితే, “ఇంకా తినలేదు. తిన్నాక చెబుతాను” అన్నారట. అక్క గరిట కింద పెట్టి నాకు కబురంపింది. తరువాత పనిలో. మేనేజరు గుమ్మం దగ్గర ఆగి ఏదో అడిగితే, “విన్నాను. ఇంకా చూడలేదు. చూసి నేనే వచ్చి చెబుతాను” అనేవారు. గొంతు పెరగలేదు. జనంలోకి వచ్చి కబుర్లు చెప్పడమూ మొదలుకాలేదు. మధ్యాహ్నం ఎప్పటిలాగే ఒంటరిగా తినేవారు. కాని ఆయన నోట ఒక మాట వస్తే దాని వెనక ఒక చూపు ఉందని మాకు అర్థమవసాగింది. మేనేజరుకి అది నచ్చలేదు. ఊఁ అన్నన్నాళ్ళే వీడు నయమని ఎవరితోనో అన్నాడట.

అలా రెండేళ్ళు గడిచాయి.

ఆ రోజు పొద్దుటినుంచే హాల్లో నడుం ఎత్తే తీరిక లేదు. ఆసుపత్రివాళ్ళ వ్యాను వీధిలో వచ్చి నిలబడి ఉంది, దుప్పట్లు అన్నీ ఒక్కసారే కావాలని. ఆ వారం బాయిలర్ దగ్గర పొద్దుటి వంతు రెండో మనిషిది. అతన్ని మేం ‘కబుర్ల మేస్త్రీ’ అనేవాళ్ళం. మాటకారి, మంచివాడే. పన్నెండింటికి మా బావగారు వెళ్ళి పని అందుకోవాలి. ఆ గదిలో జరిగింది నాకు ఆయన తరువాత పూసగుచ్చినట్టు చెప్పారు, ఒక్క మాట పొల్లుపోకుండా.

“రా అన్నా, రా! ఇవాళ దీనికి నేనంటే ముద్దొచ్చింది” అన్నాడు కబుర్ల మేస్త్రీ. “గంట పైనుంచి పంపు ముట్టుకోలేదంటే నమ్ము. అద్దంలో నీళ్ళు గీత గీసినట్టు నిలబడ్డాయి.”

మా బావగారు అద్దం చూశారు. నీళ్ళు సగానికి పైనే ఉన్నాయి. తేటగా, అందంగా ఉన్నాయి. వణకడం లేదు.

బర్నరు నిండుగా మండుతోంది. గోడ అవతల నలభై టేబుళ్ళు ఆవిరి తాగుతున్నాయి. గంటసేపు నీళ్ళు పొయ్యకుండా, మట్టం వెంట్రుకవాసి దిగకుండా ఎలా ఉంటుంది? ఆయన అద్దం కింద కుళాయి విప్పారు. నీళ్ళు పోయాయి. కుళాయి మూశారు. లోపలినుంచి నీళ్ళు దూసుకుని పైకి రావాలి. రాలేదు. చాలాసేపటికి ఒక బొట్టు, ఇంకో బొట్టు, ఎవరో బలవంతం చేస్తున్నట్టు వచ్చాయి. బాయిలర్‌కీ అద్దానికీ మధ్య దారి సున్నం పేరుకుని పూడిపోయింది. అద్దంలో నిలబడ్డది ఎప్పటిదో పాత నీరు. లోపల ఎంత ఉందో, అసలు ఉందో లేదో చెప్పే దిక్కు లేదు.

ఆయన బర్నరు ఆపారు.

ఇవతల మా ఇస్త్రీలు చల్లబడ్డాయి. రెండు నిమిషాల్లో మేనేజరు బాయిలర్ గదిలో ఉన్నాడు.

“ఎవడు ఆపమన్నాడు?”

“నేనే ఆపాను. నడపకూడదు.”

“అద్దంలో నీళ్ళున్నాయా లేవా?”

“ఉన్నాయి.”

“మరి?”

“అవి బాయిలర్‌లో నీళ్ళు కావు.”

మేనేజరు కబుర్ల మేస్త్రీకేసి తిరిగాడు. “నువ్వేమంటావ్?”

“పొద్దుట్నుంచి బాగానే ఉంది సార్… అన్నకి కొంచెం అనుమానం ఎక్కువ” అన్నాడు అతను, నవ్వబోయి.

“ఈ పూట కూడా నువ్వే ఉండు. వీణ్ణి ఇంటికి పొమ్మను” అని మేనేజరు తన చేత్తోనే బర్నరు వేశాడు.

మా బావగారు కబుర్ల మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశారట. “ఏం చేసినా చెయ్యి, పంపు మాత్రం వెయ్యకు. ఎండి కాలిపోతున్న ఇనుము మీద చన్నీళ్ళు పడితే నువ్వుండవు. గోడ ఉండదు.” అని ఇంటికి పోకుండా, ఇరవై నాలుగేళ్ళలో ఎన్నడూ పనివేళ అడుగుపెట్టని మా ఇస్త్రీ హాల్లోకి వచ్చారు.

తలుపు దగ్గర ఆయన్ని చూసి నా చేతిలో దుప్పటి జారిపోయింది. మొహంలో రక్తం లేదు. హాలంతా చప్పుడు. ఆ చప్పుడు మించి అరిచే గొంతు ఆయనకి లేదు. అరవనూ లేదు. టేబుళ్ళ మధ్యగా నడిచి తిన్నగా పెద్ద టేబులామె దగ్గరికి వెళ్ళారు. మచ్చ పడని చోటు అణా కాసంతైనా మిగలని ఆ చేత్తోనే ఆమె ఇస్త్రీ రుద్దుతోంది.

“బాయిలర్‌లో నీళ్ళు లేవు. మళ్ళీ వెలిగించారు. అందరూ బయటికి వెళ్ళాలి” అన్నారు, మామూలు గొంతుతో.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. “చూశావా?”

“చూశాను.”

ఆమె ఇస్త్రీ నిలబెట్టి మీట కట్టేసింది. పక్క టేబులు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. “లేవండే! చెప్పులు కూడా వెతుక్కోకండి!” ఆ గొంతు ఆయనకి లేకపోతేనేం, ఆమెకి ఉంది. ఒక్కొక్కరే, తరువాత అందరమూ, నలభై ఒక్కమందిమి వీధిలోకి వచ్చి ఎదుటి వైపు అరుగుల మీద నిలబడ్డాం.

ఏమీ జరగలేదు.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఎండ కాస్తోంది. కార్ఖానా కిటికీలు ఎప్పటిలాగే ఉన్నాయి. పైన గొట్టంలోంచి ఎప్పటిలాగే పొగ. వ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, “ఏంటమ్మా, ఫొటో దిగుతున్నారా?” అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. “ఊఁకారానికి పగటి కల వచ్చినట్టుంది” అంది ఇంకొకామె.

మేనేజరు గుమ్మంలోకి వచ్చాడు. “ఐదు నిమిషాల్లో లోపలికి రానివాళ్ళు రేపట్నుంచి అసలు రానక్కర్లేదు!”

ముగ్గురు కదిలారు. వాళ్ళని నేను తప్పుపట్టను. నా కాళ్ళు కూడా కదలబోయాయి. మా బావగారు వీధి దాటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“ఇంకా కాదు” అన్నారు.

“ఇంకెప్పుడయ్యా?”

“తెలీదు.”

“ఏమీ కాకపోతేనో?”

“కాకపోతే నన్ను తిట్టుకోండి. ఇప్పుడు మాత్రం వెళ్ళొద్దు.”

ఆయన రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. జేబుల బట్ట వణుకుతోంది. అది ఎవరూ చూడకూడదని జేబుల్లో పెట్టుకున్నారని నాకు అర్థమైంది. ఆయనకీ అనుమానం ఉంది. పొరపాటు పడ్డానేమోనన్న భయం, పడలేదేమోనన్న భయం, రెండూ ఆ మొహంలో ఉన్నాయి. ఆ భయంతోనే నిలబడ్డారు. మేనేజరు మొహం ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆయన తప్పుకోలేదు.

అప్పుడు పక్క సందులోంచి కబుర్ల మేస్త్రీ వచ్చాడు. తువ్వాలు చేతిలో నలుపుకుంటున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఆ మనిషికి మాట రాకపోవడం మేం చూడటం అదే మొదటిసారి.

“ఆపేశాను” అన్నాడు చివరికి. “అన్నా, లోపల ఏదో మూలిగింది. మనిషి మూలిగినట్టు. పంపు మీద చెయ్యి వేశాను… నీ మాట గుర్తొచ్చి తీసేశాను.”

మర్నాడు, ఇనుము పూర్తిగా చల్లారాక, తనిఖీ అధికారి వచ్చి బాయిలర్ విప్పించాడు. గొట్టాలు నీళ్ళు లేక నల్లగా మాడి ఉన్నాయి. మా గోడ వైపు రేకు అరచేతి మందాన బయటికి ఉబ్బింది. అధికారి ఆ ఉబ్బు మీద వేలు పెట్టి, గోడకేసి చూశాడు.

“దీనికవతల ఏముంది?”

“ఇస్త్రీ హాలు.”

“ఎంతమంది?”

“నలభై ఒక్కరు” అన్నారు మా బావగారు.

 అధికారి కాలినట్టు వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన మా అక్కకీ నాకూ అంతా చెప్పారు. రెండు గంటలు ఆపకుండా మాట్లాడారు. “ఇన్ని మాటలేంటండీ, జ్వరం గానీ వచ్చిందా?” అని అక్క నుదురు తాకి చూసింది.

“భయమేసింది” అన్నారు ఆయన. “ఇప్పుడు ఇంకా ఎక్కువ వేస్తోంది.”

అక్క నవ్వలేదు. ఆయన పక్కన కూర్చుని ఊఁ కొట్టింది.

కొత్త బాయిలర్ వస్తుందనుకున్నాం. రాలేదు. ఉబ్బిన చోట రేకు కోసి, కొత్త ముక్క అతికి, పన్నెండో రోజున పని మొదలని కబురంపారు. పొద్దున్నే వెళ్ళాం. బర్నరు అప్పటికే మండుతోంది. వీధిలోకి వినబడుతోంది. మేనేజరు తలుపులు బార్లా తెరిచి నిలబడ్డాడు. మేం మాత్రం ఎదుటి అరుగుల దగ్గరే ఆగిపోయాం. ఆగుదామని ఎవరూ అనుకోలేదు.

“నేను చెబుతున్నాను కదా, అంతా బాగుచేశారు!”

“మీరు చెప్పారు, విన్నాం సార్” అంది పెద్ద టేబులామె. “ఆయన్ని కూడా ఓ మాట చెప్పనివ్వండి.”

మేనేజరు బాయిలర్ గదివైపు చూశాడు. లోపలినుంచి ఎవరూ రాలేదు. ఆయన తొందరపడే మనిషి కాదు. మేమూ తొందరపెట్టలేదు. చాలాసేపటికి మా బావగారు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. మా అందరినీ ఒకసారి చూశారు.

“కొత్త అతుకు చెమరుస్తోంది. ఇవాళ వద్దు. వీధి చివరిదాకా వెళ్ళండి. నేను దాన్ని ఆపి వస్తాను” అన్నారు.

వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు.

ఎందుకని, ఏమిటని ఎవరూ అడగలేదు. నడిచాం. పరుగెత్తలేదు. మేనేజరు కాసేపు ఒంటరిగా నిలబడి, తరువాత మా వెనకే వచ్చాడు. వీధి మలుపు చేరేసరికి కూడా ఆ హోరు వినబడుతూనే ఉంది. అక్కడ ఆగి వెనక్కి తిరిగాం. నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. ముంజేతి మీద కాలి మానిన చర్మం గరుకుగా, ముడతలుగా తగిలింది.

హోరు ఆగింది.

బాయిలర్ గది తలుపు తెరుచుకునే ఉంది, ఖాళీగా, చీకటిగా. ఆయన బయటికి వచ్చేదాకా మేమెవరం అక్కణ్ణుంచి కదల్లేదు.